దండ పడ్డ అంగి

ఆడవాళ్ళకు తిన్నగా కుట్టడం నేర్పినందుకు ప్రభుత్వం నాకు సర్వీసంతా జీతం ఇచ్చింది. వంకరగా కుట్టమని అదే ప్రభుత్వం నన్ను ఒక్కసారే అడిగింది. ఆ సంగతి రాయమని నా పాత విద్యార్థినులు చాలాకాలంగా పోరుతున్నారు. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్ళు చదివితే మంచిదేనని నాకూ అనిపించింది. మీ సర్వీసులో కూడా ఏదో ఒకరోజు పైనుంచి ఒక గొప్ప ఆలోచన దిగుతుంది. అది నిజంగా మంచి ఆలోచనే అయివుంటుంది. అది దిగేచోట కింద ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూసుకునే పని మాత్రం మీకే మిగులుతుంది.

నేను కరీంనగర్‌లో మహిళల కుట్టు శిక్షణ కేంద్రంలో టీచర్‌ని. పాత రేకుల హాలు, తొక్కుడు మిషన్లు, గోడకు జాకెట్టు కొలతల చార్టు, మూలకు కుండలో నీళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు పొద్దున బస్సుల్లో వచ్చేవారు. వాళ్ళలో చాలామంది భర్తలు గల్ఫ్‌లో ఉండేవారు కాబట్టి, క్లాసులో ఎవరి ఫోను మోగినా నేనే మిషను ఆపించి బయటికి పంపేదాన్ని. ఆ ఒక్క విషయంలో తప్ప మిగతా అన్నిటిలోనూ నేను కఠినురాలినే. కుట్టు వెంట్రుకంత పక్కకు పోయినా మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని. నా వెనకాల నన్ను ‘విప్పుడు మేడం’ అనేవారని రిటైరయ్యాక తెలిసింది.

మా సూపరింటెండెంటు గారి గురించి కూడా ముందే చెప్పాలి. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకు కార్యక్రమం జరిపించడం అనే విద్య ఒక్కటే వచ్చు. దీపం, శాలువా, మెమెంటో, దండ. కొత్త మిషన్లు వస్తే వాటికి దండ వేయించారు, పాత మిషన్లు వేలానికి పోతుంటే వాటికీ వేయించారు. ఏ సభకైనా ఒక దండ ఎక్కువే తెప్పించేవారు. "ఎవరన్న పెద్దమనిషి ఎక్కువొస్తే మనం పరేషాన్ గావద్దు టీచరమ్మా" అనేవారు. పూలకొట్టు వాడికి మా ఆఫీసంటే చెప్పలేనంత గౌరవం.

అలాంటి మా సెంటరుకు పట్నం నుంచి ఒక ఆర్టిస్టు వచ్చాడు. నలిగిన నూలు కుర్తా, ముడివేసిన జుట్టు, నిద్ర చాలని కళ్ళు. ఊరు విడిచి బతకబోయిన మనుషుల బట్టలన్నీ కలిపి ఒక పెద్ద గుడారం కుట్టించాలని ఆయన ఆలోచన. ఇటు కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ బట్టలు, అటు ఆదిలాబాద్ కొండల నుంచి పత్తి ఏరడానికి, మిరప తెంపడానికి ఊళ్ళు దాటి పోయేవాళ్ళ బట్టలు. ముందు కరీంనగర్‌లో కొన్నాళ్ళు నిలబెట్టి, తర్వాత పట్నానికీ, అక్కణ్ణుంచి విదేశాలకూ తీసుకుపోతాడట. గుడారం పేరు ‘నీడ హక్కు’.

"ఇల్లు వదిలిన మనిషికి ఈ లోకంలో నీడ ఎక్కడుంది అని ఈ గుడారం అడగాలి మేడం" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. ఆ తర్వాత ఆయన అన్న మాటే నాకు మింగుడుపడలేదు.

"కుట్లు మాత్రం తిన్నగా ఉండకూడదు. గాయాలలాగా కనపడాలి."

నేను మా సూపరింటెండెంటు గారి వైపు చూశాను. ఆయన పైఆఫీసు కాగితం వైపు చూశారు. "వంకరనంటే వంకరనే టీచరమ్మా. పెద్దసారు సంతకం ఉన్నది" అన్నారు.

మా క్లాసులో అందరికంటే అధ్వానంగా కుట్టే పిల్ల ఒకతి ఉండేది. పరీక్ష తప్పి మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నది. ఆర్టిస్టు ఆమె కుట్టిన అతుకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈమె చేతిలో నిజం ఉంది" అన్నాడు. ఆ పిల్ల ఆ రోజు నుంచి నా మాట వినడం మానేసింది. బాగా కుట్టేవాళ్ళేమో వంకరగా కుట్టలేక ఏడుపు ముఖాలు పెట్టారు. నా చేతులూ ఒప్పుకోలేదు. పైకి ఆయన కోరిన గాయాలు పెట్టించి, అడుగున ఎవరికీ కనపడకుండా జంటదారంతో గట్టి కుట్టు వేయించాను. గాలికి గుడారం చిరిగితే మాట పడేది మా సెంటరు కదా.

బట్టలు సేకరించడానికి ఆయనతో పాటు నన్నూ తిప్పారు. ఆసిఫాబాద్ మీదుగా జైనూర్ దాకా జీపులో పోయాం. కొండ మీద ఒక గోండు గూడెంలో ఆర్టిస్టు తన గుడారం గురించి చెబితే, అక్కడి పెద్దమనిషి ఓపిగ్గా అంతా విని, "మంచిగున్నది సార్. మరి మాకు ఇండ్లు ఎప్పుడు సాంక్షన్ చేస్తరు?" అని అడిగాడు. ఆర్టిస్టు తాను ఆ శాఖ కాదని చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. చివరికి ఒక ముసలామె గుడిసెలోంచి బొంత తెచ్చింది. పాత చీరలన్నీ పొరలుగా వేసి కుట్టిన బరువైన బొంత. ఎక్కడికి కూలికి పోయినా అది వాళ్ళ వెంటే పోతుందట. ఆర్టిస్టుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ముసలామె ఆయన్ని వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. "బాయీ, చలి పడకముందు తెచ్చియ్యాలె. నీకే చెప్తున్న" అన్నది. సరేనన్నాను. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్ళెవరైనా సరేననే అంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. వేములవాడ దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి మా క్లాసుకు వచ్చేది. ఆమె భర్త సౌదీలో ఉండేవాడు. చేరిన కంపెనీ సరిగా లేక బయటపడి, కాగితాలు లేకుండా అక్కడా ఇక్కడా పనిచేసుకుంటున్నాడు. అలాంటివాళ్ళను మావైపు ‘కల్లివెల్లి’ అయ్యాడంటారు. మొదట్లో ఎవరెవరివో ఫోన్ల నుంచి మాట్లాడేవాడు. తర్వాత అదీ ఆగిపోయింది. ఏడాది దాటినా బతికి ఉన్నాడో లేదో తెలియదు. క్లాసులో ఎవరి ఫోను మోగినా అందరికంటే ముందు తల ఎత్తేది ఆమే. మోగినది తనది కాదని తెలిశాక మళ్ళీ మిషను తొక్కేది.

"మీరు ఎదురుచూస్తున్న మనిషిది ఏదైనా ఒక బట్ట తెండి" అని ఆర్టిస్టు చెబితే, మిగతావాళ్ళు పాత లుంగీలు, చిరిగిన దుప్పట్లు తెచ్చారు. ఈ అమ్మాయి గంధం రంగు ఫుల్‌హ్యాండ్స్ అంగి తెచ్చింది. చెల్లెలి పెళ్ళికి కుట్టించుకుని ఒక్కసారే తొడుక్కున్నాడట. గల్ఫ్‌కు పోయేటప్పుడు, అక్కడ దుమ్ములో ఖరాబైతుందని, వచ్చాక తొడుక్కుంటానని పెట్టెలో పెట్టి పోయాడు.

"మంచిది ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?" అని అడిగాను.

"దేశదేశాలు తిరుగుతదట గద మేడం" అన్నది. "ఆయనున్న తానికి గూడ పోతదేమో. సూస్తే గుర్తువడ్తడు."

అంగి గుడారం ముఖద్వారం మీదికి ఎక్కింది. కొత్తగా, కాలరు నిలబడి ఉండడంతో, చేతులు రెండూ చాచి కుట్టించాడు ఆర్టిస్టు. లోపలికి వచ్చేవాళ్ళను అది పిలుస్తున్నట్టు ఉండాలన్నాడు. నిజం చెప్పాలంటే బాగుంది.

ప్రారంభం రోజు కాలేజీ గ్రౌండ్‌లో గుడారం నిలబడింది. షామియానా వాళ్ళు గుంజలు పాతి, తాళ్ళు కట్టారు. బొంత పైకప్పయింది. ఎండలో ఆ రంగులన్నీ లోపల నేలమీద పడితే, ఎప్పుడూ కళ గురించి మాట్లాడని మా ఆడవాళ్ళు కూడా నోళ్ళు తెరిచి చూశారు. వేములవాడ పోయే భక్తులు కొందరు బస్సు దిగి, మూటలతో సహా లోపలికి వచ్చి కూర్చోబోతే వాచ్‌మన్ తరిమాడు. ‘నీడ హక్కు’ లోపల ఎవరూ కూర్చోవద్దని ఆయనకు ఆర్డరు.

ముఖ్య అతిథిగా రావలసిన నాయకుడు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాడు. అంతకుముందే ఏదో సంతాపసభకు పోయివచ్చాడని తర్వాత తెలిసింది. కారు దిగగానే మా సూపరింటెండెంటు గారు ఆయన మెడలో పెద్ద బంతిపూల దండ వేశారు. మన సభల్లో నాయకుల అలవాటు మీకు తెలిసే ఉంటుంది. తమకు వేసిన దండను తీసి పక్కనున్న విగ్రహానికో ఫోటోకో వేస్తారు. అలా వేస్తే వినయం. ఈయన కూడా వినయంగా దండ తీసి చేతుల్లో పట్టుకుని చుట్టూ చూశాడు.

"ఫోటో ఏడున్నదయా?" అని అడిగాడు.

ఫోటో లేదు. కార్యక్రమంలో ఫోటో ఉండాలని మా సూపరింటెండెంటు గారికి కూడా ఆ క్షణంలోనే తట్టినట్టుంది. ఆయన ముఖంలో రంగు పోయింది. నాయకుడు దండ పట్టుకుని నిలబడ్డాడు, కెమెరాలు నిలబడ్డాయి, వెనకాల జనం నిలబడ్డారు. ఉద్యోగంలో అంతకంటే భయంకరమైన ఖాళీ ఆయన చూసి ఉండరు. ఎదురుగా చేతులు చాచిన అంగి కనబడింది.

"గిదే సార్" అన్నారు.

నాయకుడు గంధం రంగు అంగి కాలరు మీదుగా దండ వేశాడు. రెండు చేతులూ జోడించాడు. అంతటితో ఆగినా పోయేది. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను, మన శరీరాలకు ఆ మాట వినగానే వంగడం అలవాటు. ఆర్టిస్టు ఒక మూల నిలబడి ఏడుస్తున్నాడు. తాను ఊహించని చోట తన కళ జనంలోకి పోయిందని ఆయన ఏడుపు.

తల ఎత్తాక ఆ అమ్మాయి నా పక్కకు వచ్చింది. ఆమె చెయ్యి మెడలోని పుస్తెల మీద ఉంది.

"మేడం, గా దండ తియ్యమనుండ్రి" అన్నది. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆయిన సచ్చిపోలే. జర తియ్యమనుండ్రి మేడం."

నేను గుడారం దగ్గరికి నడిచాను. సూపరింటెండెంటు గారు నా చీర కొంగు పట్టుకుని లాగినంత పని చేశారు. "సారు ఉన్నంతసేపు ముట్టకు టీచరమ్మా. దండం పెడ్త." నాయకుడు ఉపన్యాసం ఇచ్చాడు, శాలువా కప్పించుకున్నాడు, టీ తాగాడు. అప్పటికి దండ వేసిన వీడియో లోకల్ చానల్ నుంచి ఫోన్లలోకి, ఫోన్ల నుంచి ఆమె ఊరికి చేరిపోయింది. నాయకుడి కారు గేటు దాటాక నేను దండ తీసి అవతల పడేశాను. ఎవరూ వీడియో తీయలేదు.

మర్నాడు ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆ ఊరి నుంచే వచ్చే ఇంకో ఆమె చెప్పింది. ఇంటికి జనం పరామర్శకు వస్తున్నారట. ఆమె బావ, అంటే భర్త అన్న, తమ్ముడి దినాలు చేసేద్దామంటున్నాడట. ఐతారం నాడు పెద్దమనుషులు కూర్చుంటారట. అది తేలితే ఆమె గాజులు, మెట్టెలు తీయిస్తారు. మనిషి అక్కడ ఎక్కడో బతికి ఉండగానే ఇక్కడ ఆమె విధవ అవుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి బస్సెక్కాను.

ఇంటి ముందు అరుగు మీద అత్త కూర్చుని ఉంది. పక్కన చాయ గ్లాసు చల్లారి, మీద మీగడ కట్టింది. కోడలు గడపలో నిలబడి ఉంది. గాజులు ఇంకా చేతికే ఉన్నాయి. నేను ఆమె బావ మీద కోపంతో పోయాను. పోయి చూస్తే ఆయన వయసుకు మించి అలసిపోయిన మనిషి.

"మీరు సదువుకున్నోళ్ళు, నా మీద కోపానికొచ్చిన్రు. నాకెరుకే" అన్నాడు. "ఏజెంటు కాళ్ళు మొక్కిన. పట్నంల ఆఫీసులకు వోయిన. ఎంబసీకి రాయించిన. ఉన్నడన్నోడు లేడు, లేడన్నోడు లేడు. ఇన్నొద్దులకు గవర్నమెంటోళ్ళు మాకు ఒక్కటి చెప్పిన్రు. గా దండ. సర్కారే దండేసినంక మేమింకేం సూడాలె?"

అది పొరపాటున పడిందని చెప్పాను. నాయకుడికి ఫోటో దొరకలేదని చెప్పాను. చెబుతుంటే ఆ మాటలు నాకే వినబుద్ధి కాలేదు. "పొరపాటని మల్ల అందరిని పిలిచి చెప్తరా? టీవీల చెప్తరా?" అని అడిగాడు ఆయన. చెప్పరని ఇద్దరికీ తెలుసు.

అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు చర్చికి పోతవని మా కోడలు చెప్పింది టీచరమ్మా. మీ తాన ఎట్లనో నాకెరుకలే. మా తాన సచ్చినోని బట్ట చాకలికి వోతది, లేకుంటే వాగుల వోతది. ఒకపారి వోతే మల్ల ఇంట్లకు రాదు. గా అంగి ఇంట్లకొస్తే నా కొడుకు ఉన్నట్టు. గంతే. నాకింకేం ఒద్దు."

మా ఇళ్ళల్లో అలా కాదు. మా బాపు పోయాక ఆయన కోటును మా తమ్ముడు ప్రతి క్రిస్మస్‌కూ తొడుక్కుని చర్చికి వచ్చేవాడు, అమ్మ చూసి మురిసిపోయేది. ఒక బట్ట ఇంట్లోకి రావడం, రాకపోవడం మీద ఒక మనిషి బతుకు ఆగి ఉంటుందని నాకు ఆ అరుగు మీదే తెలిసింది. "తెస్త అక్కా" అన్నాను. ఐతారానికి ముందే తెస్తానని కూడా అన్నాను.

కరీంనగర్‌కు తిరిగి వచ్చేసరికి గుడారం విప్పి మా హాల్లో కుప్పపోశారు. మడతలు పెట్టి కట్టలు కట్టే పని మాదే. నేను ఆర్టిస్టును వెతికి పట్టుకుని అంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, కుదరదన్నాడు.

"ఒక్క అంగి తీసినా మొత్తం పని అర్థం మారిపోతుంది మేడం. ఇది ఇప్పుడు ఆమె ఒక్కదాని కథ కాదు. వేలమందిది."

"వేలమంది ఆగుతరు సార్. ఆమెకు ఐతారం ఉన్నది."

"అచ్చం అలాంటిదే కొత్త అంగి కొనిస్తాను. రేపే."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అందుకే నేను తిట్టలేదు, లేకపోతే ఆ రోజు ఆయనకు మా చర్చి మిషన్ కాంపౌండ్‌లో పిల్లలకు పడే తిట్లన్నీ పడేవి. సూపరింటెండెంటు గారి దగ్గరికి పోయాను. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ముఖ్య అతిథి దండేసిన వస్తువు టీచరమ్మా. పీకినమని ఆయినకు తెలిస్తే నా ఉద్యోగం ఏం గావాలె?"

"ఆ దండ ఎవరు వేయించిండ్రు సార్?"

ఆయన ఫ్యాను వైపు చూశారు. "పర్మిషన్‌కు పైకి రాస్త" అన్నారు చివరికి. పైనుంచి జవాబు వచ్చేసరికి గుడారం ఏ దేశంలో ఉంటుందో నాకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున క్లాసు మొదలవగానే, మిషన్లన్నీ ఆపమన్నాను. గుడారాన్ని హాలు మధ్య పరిపించి, అంగి ఉన్న భాగం పైకి తీయించాను.

"ఈరోజు కుట్టుడు లేదు. ఈరోజు పాఠం, విప్పుడు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. అంగి ఎవరిదో అందరికీ తెలుసు. చుట్టూ కూర్చుని తలా ఒక బ్లేడు తీసుకున్నారు. పైనున్న గాయాలు చిటికెలో ఊడిపోయాయి. అడుగున నేను వేయించిన జంటదారం ఉందే, అది రాలేదు. బట్ట తెగకుండా ఒక్కో పోగు కోసి, పుల్లతో లేపి, లాగాలి. నా గొప్ప కుట్టును నేనే తిట్టుకున్నాను. పరీక్ష తప్పిన పిల్ల నా పక్కన కూర్చుని, "ఈ కుట్టు నాకు అప్పజెప్పుంటే ఈపాటికి ఊడొస్తుండె మేడం" అన్నది. అది నిజమే.

సూపరింటెండెంటు గారు తలుపులోంచి తొంగిచూశారు. "ఏం నడుస్తుంది టీచరమ్మా?"

"సిలబస్ సార్."

అంగి చెయ్యి ఒకటి అప్పటికే గుడారం నుంచి ఊడి నేలమీద వాలి ఉంది. ఆయన తలుపు వేసేసి, బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరో ఆఫీసు పనిమీద వస్తే, "లోపల పరీక్షలు నడుస్తున్నయి, మల్ల రాండ్రి" అనడం వినిపించింది. ఆయన మీద నాకున్న కోపం సగం అప్పుడే పోయింది. మిగతా సగం ఇంకా ఉంది.

ఆర్టిస్టును మాత్రం ఆయన ఆపలేకపోయారు. వచ్చేసరికి అంగి నా ఒళ్ళో ఉంది. గుడారంలో కాలరు, భుజాలు, చాచిన చేతులు ఉన్న చోట అదే ఆకారంలో పెద్ద కంత. ఆయన ముఖం ఎర్రబడింది. "ఎంత పని చేశారు మేడం" అన్నాడు. నేను అంగికి అంటుకున్న దారపుముక్కలు ఏరుతున్నాను. కొంతసేపటికి తల ఎత్తి చూస్తే, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ కంతలోంచి అవతలికి చూస్తున్నాడు. తర్వాత ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు.

"దీన్ని పూడ్చకండి" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకు దొరకనిది ఇదే."

నాకు ప్రాణం లేచివచ్చింది, చిరాకూ వేసింది. పనిలో పనిగా పైకప్పు మీది బొంత కూడా విప్పించుకున్నాను. దానికాయన పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. కంతలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదనే మనసులో ఉన్నాడప్పుడు.

ఆ అమ్మాయి బస్‌స్టాండుకు వచ్చింది. అంగిని కాగితంలో చుట్టి సంచిలో పెట్టబోతే వద్దన్నది. "సంచిల వద్దట మేడం. అత్త చెప్పింది, అందరు సూడాలెనట." ఇస్త్రీ చేసిన అంగిని ముంజేతి మీద వేసుకుని బస్సెక్కింది. ఊళ్ళో దిగి, హోటలు ముందు నుంచి, కిరాణం ముందు నుంచి అలాగే నడిచిందట. ఇంటికి పోగానే అత్త దాన్ని బకెట్లో నానేసి, ఉతికి, వీధి వైపు తీగెకు ఆరేసింది. ఐతారం పొద్దున దాన్నే మళ్ళీ తడిపి ఆరేసింది. పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తల ఎత్తితే నీళ్ళు కారుతున్న అంగి. చాయ తాగి, వానల గురించి, వడ్ల గురించి మాట్లాడుకుని లేచిపోయారట. లేచేటప్పుడు ఆమె బావ అంగి తడి తగలకుండా తల వంచి పోయాడని ఆమె నాకు ఫోనులో ప్రత్యేకంగా చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంట్లో దినాల మాట రాలేదు.

బొంతను నేనే జైనూర్ తీసుకుపోయి ఇచ్చాను. ముసలామె దాన్ని ఎండకు పట్టి, తాళ్ళ కోసం షామియానా వాళ్ళు చేసిన కంతలు చూసి నన్ను బాగానే చీవాట్లు పెట్టింది. గుడారం విదేశాలకు పోయింది. ఏదో బహుమతి కూడా వచ్చిందని ఆర్టిస్టు ఫోను చేసి చెప్పాడు. చూసినవాళ్ళందరూ ఆ కంత ముందే ఎక్కువసేపు నిలబడుతున్నారట. దాన్ని గురించి పెద్దపెద్ద మాటలు రాశారట. మా క్లాసు పిల్లలకు చెబితే, "గా విప్పుడు పాఠానికి మార్కులు పడ్డయా మేడం?" అని అడిగారు. ముఖ్య అతిథికి ఎవరూ ఏమీ చెప్పలేదు. సూపరింటెండెంటు గారు ఆ తర్వాత కూడా ప్రతి సభకూ ఒక దండ ఎక్కువే తెప్పించారు, కానీ ఫోటో మాత్రం మరిచిపోలేదు.

నేను రిటైరైన తర్వాత ఒకరోజు ఆ అమ్మాయి ఫోను చేసింది. చాలాసేపు ఏడ్చి, తర్వాత చెప్పింది. భర్త బతికే ఉన్నాడు. పోలీసులకు దొరికి, జైల్లో ఉండి, చివరికి ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద వచ్చేశాడు. వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించి వచ్చి, నన్ను భోజనానికి పిలిచారు.

పోయాను. మనిషి సగమైపోయాడు. పరాయి ఇంట్లో ఉన్నట్టు ఒద్దికగా కూర్చుంటున్నాడు. అత్త ఆయన పక్కనుంచి కదలడం లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తన ఒంటి మీది అంగి వైపు చూసుకున్నాడు. గంధం రంగు వెలిసి తెల్లబడిపోయింది. కాలరు మడత దగ్గర నూలు తేలింది, మోచేతుల దగ్గర బట్ట పలచబడింది. వారం వారం ఉతికి వీధి తీగెకు ఎండేసిన అంగి అది. ఆయనకు ఆ సంగతి అప్పటికి ఎవరూ చెప్పినట్టు లేరు.

"గిదేందే, నేనొక్కపారే తొడుక్కున్న గదా" అన్నాడు భార్యతో. "గింత పాతగ ఎట్లయింది?"

ఆమె ఆయన పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ తల ఎత్తలేదు.

"తొడుక్కున్నవ్ తియ్. ఊరంత సూసింది."